పండగ గడిలో ఎర్ర చుక్క

వినాయక చవితి పొద్దున కొత్తపేట ఫుట్‌పాత్ అంతా పత్రి పరుచుకుని ఉంటుంది. మెట్రో స్తంభాల నీడలో గోనెసంచుల మీద మారేడు కొమ్మలు, ఉమ్మెత్త కాయలు, గరిక కట్టలు, వెలగకాయలు. ఇరవై ఒక్క రకాలూ ఉన్నాయని అమ్మే ఆమె ఒట్టు పెడుతుంది గాని, లెక్కపెడితే పన్నెండు దాటవు. లెక్కల టీచర్ని కాబట్టి ఏటా లెక్కపెడతాను, ఏటా ఏమీ అనకుండా కొనుక్కుంటాను. ఈసారి కట్ట విప్పి చూస్తుంటే అడుగున నాలుగు మాచిపత్రి రెమ్మలు కనబడ్డాయి. ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపాను. ఆ చేదు ఘాటు ముక్కుకు తగలగానే ఆటోల రొద, జనం తోపులాట ఎటో పోయాయి. ఎల్బీనగర్ వైపు ఒక సందులో, పిండిగిర్ని పైన ఉన్న చిన్న గది గుర్తొచ్చింది. ఆ గదిలో అనసూయమ్మ గారు ఎండిన మాచిపత్రిని దూదిలా నలిపి, చుట్టలా చుట్టి, కొస వెలిగించి, నా పొత్తికడుపుకి రెండంగుళాల ఎత్తున పట్టుకునేవారు. వెచ్చదనం నెమ్మదిగా లోపలికి దిగేది. "గణపతికి పెట్టే ఆకే బిడ్డా, నీకు పెడుతున్న. ఇద్దరికీ కడుపే ముఖ్యం గదా" అని నవ్వేవారు. నా జీవితంలో నన్ను ముందుగా నిజం అడిగిన మనిషి ఆమె. నేను ఆమెకు ముందుగా చెప్పింది అబద్ధం.

అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్లు. గుంటూరు నుంచి పెళ్లి చేసుకుని వచ్చి చైతన్యపురిలో కాపురం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు కాబట్టి ఊరంతా దుమ్ము, నా చేతులంతా సుద్దపొడి. పొద్దున ఏడింటి నుంచి నిలబడే పాఠం. పెద్దవాడికి ఎనిమిదేళ్లు, అమ్మాయికి రెండు. అమ్మాయి పుట్టాక నెలసరి గాడి తప్పింది. వస్తే వారం పది రోజులు వదిలేది కాదు. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని, పిల్లలకి వీపు పెట్టి బోర్డు వైపు తిరగాలంటే భయపడేదాన్ని. ఒకరోజు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడితే రక్తం తొమ్మిదికి పడిపోయిందన్నారు. ఒక నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ చూసిన డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండా, గర్భసంచిలో గడ్డ ఉంది, పిల్లలు ఇద్దరున్నారు కదా తీసేద్దాం అన్నారు. మా అత్తయ్యగారికి ఆ మాట కొత్తగా అనిపించలేదు. వాళ్ల చెల్లెలు తీయించుకుంది, పెద్దాడపడుచు తీయించుకుంది, పక్కింటావిడ తీయించుకుంది. మా వాళ్లలో అది పిప్పిపన్ను పీకించుకున్నంత మామూలు. నాకు మాత్రం ఎందుకో గుండె ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని చెప్పడానికి నా దగ్గర కారణమూ లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుంటే, స్టాఫ్‌రూమ్‌లో హిందీ చెప్పే మేడం, ఆక్యుపంక్చర్ సూదుల వైద్యం చేసే అనసూయమ్మ గారి పేరు చెప్పింది.

అత్తయ్యగారు తోడు వచ్చారు. గది నిండా మాచిపత్రి పొగ వాసన. గోడకి ఒకవైపు మనిషి బొమ్మ మీద నరాల దారులు, చుక్కలు ఉన్న పటం, ఇంకోవైపు మామూలు తెలుగు క్యాలెండరు. కింద గిర్ని తిరుగుతుంటే బల్ల సన్నగా అదిరేది. అనసూయమ్మ గారికి అప్పటికి అరవై దగ్గర పడుతుండాలి. నూలు చీర, ముడి, ముక్కుకి ఎర్ర రాయి. మణికట్టు పట్టుకుని నాడి చూశారు, నాలుక చూశారు, ఆ తర్వాత ముప్పావుగంట ప్రశ్నలే. ఎన్ని రోజులకోసారి, ఎన్ని రోజులు, గడ్డలు పడతాయా, నిద్ర పడుతుందా, నీళ్లు ఎన్ని తాగుతావు. క్లాసు మధ్యలో బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని నీళ్లే తాగనని చెబితే పెన్ను పక్కన పెట్టి నా మొహం చూశారు. ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగితే లేదన్నాను. సూదులు ఎప్పుడు గుచ్చుతారోనని నేను బిగుసుకుని కూర్చుంటే, ఆమె సొరుగులోంచి ఒక ఎర్ర పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టారు.

"ఇయ్యాల సూదులు లేవు బిడ్డా. ఇంట్ల క్యాలెండర్ ఉన్నది గదా, డేట్ ఒచ్చిన రోజు చుక్క పెట్టు. మస్తుగ పోతే రెండు చుక్కలు. నొప్పుంటే పక్కన గీత గియ్యి. నెల అయినంక రా. సూదితోటి గడ్డ కరుగుతదని నేను చెప్ప. నొప్పి జర తగ్గుతది, నిద్ర పడతది. మిగిలింది డాక్టరమ్మ చూడాలె."

బయటికొచ్చాక అత్తయ్యగారు పెదవి విరిచారు. పెన్సిల్ ఇచ్చి పంపే వైద్యం ఆవిడ ఎక్కడా చూడలేదట. నాకు మాత్రం, తను ఏం చేయలేరో ముందే చెప్పిన ఆ మాట మీదే నమ్మకం కుదిరింది. నెల తిరిగాక వారానికోసారి వెళ్లడం మొదలుపెట్టాను. వెంట్రుకంత సూదులు. చీమ కుట్టినంత కూడా ఉండేది కాదు. కాళ్లకి, చేతులకి, కడుపుకి గుచ్చి ఇరవై నిమిషాలు కదలొద్దనేవారు. ఆ ఇరవై నిమిషాల్లోనే, వారానికి ఇంత చొప్పున, ఆమె కథ విన్నాను.

వాళ్లది హయత్‌నగర్ అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. వరి కోసిన చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయని చెప్పేవారు. నర్సింగు చదివి, ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ వారంలో సగం ఆపరేషన్లు గర్భసంచులవే. ఊళ్ల నుంచి నడుంనొప్పి అని వచ్చిన ఆడవాళ్లు అది పోగొట్టుకుని వెళ్లేవారు. ఈమెకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఆడపిల్ల పుట్టాక, ఇలాగే రక్తం ఎక్కువ పోతుందంటే ఆ డాక్టరే తీసేద్దాం అన్నాడు. ఏ బల్ల మీద దుప్పటి తానే మార్చేవారో ఆ బల్ల మీదే పడుకున్నారు. అక్కడితో అయిపోలేదు. ముప్ఫై దాటగానే ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, మెట్లు దిగితే మోకాళ్లు పట్టేసేవి. అదంతా ముందే తెలిసిన మనుషుల మధ్యే పనిచేస్తున్నా ఒక్కరూ చెప్పలేదు. మోకాళ్ల కోసం సైదాబాద్‌లో సూదుల వైద్యం చేసే ఒక ముసలాయన దగ్గరికి వెళ్లారు. నొప్పి తగ్గింది గాని వెళ్లడం మానలేదు. ఆయన దగ్గరే ఏళ్లపాటు నేర్చుకుని, డిప్లొమా పరీక్ష రాసి, థియేటర్ వదిలేసి ఈ గది తెరిచారు.

ఇది చెప్పిన రోజు ఆమె సూదులు తీసేస్తూ ఒక మాట అన్నారు. "ఎంతమందికి కత్తెర అందిచ్చిన్నో నాకే తెల్వదు. ఒక్కదాన్నన్న అడగలే బిడ్డా, ఎన్ని రోజులకోసారి ఒస్తదమ్మా నీకు అని." ఆ ప్రశ్న బాకీ తీర్చుకోవడానికే ఆమె తర్వాతి జీవితమంతా బతికారని ఇప్పుడు అనిపిస్తుంది.

అలాగని ఆమెకు ఆపరేషన్ల మీద పగ లేదు. ఒకసారి నేను బల్ల మీద ఉండగానే అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నెలసరి ఆగి అయిదేళ్లయిందట, మళ్లీ రక్తం కనబడుతోందట, సూదులు వేసి ఆపమంది. అనసూయమ్మ గారు సూదుల డబ్బా వైపు చెయ్యి కూడా చాపలేదు. నా సూదులు తీసేసి, నన్ను ఇంటికి పొమ్మని, గదికి తాళం వేసి ఆ పెద్దావిడని తనే ఆటో ఎక్కించుకుని లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడకి ఆ నెలలోనే ఆపరేషన్ అయింది, బతికింది. ఏది తన పనో, ఏది కాదో అంత తేటగా తెలిసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక నా అబద్ధం సంగతి. మా ఇంట్లో క్యాలెండరు ఫ్రిజ్ పక్కన, దేవుడి అలమర ఎదురుగా మేకుకి వేలాడుతుంది. గ్యాస్ వచ్చిన రోజు, ఏకాదశి, ఎవరింట్లో గృహప్రవేశం, అన్నీ అత్తయ్యగారు అందులోనే రాస్తారు. రోజుకి పదిసార్లు దాన్ని చూస్తారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, నన్ను ఒక్క మాట తూలి ఎరగరు. కాని ఆ మూడు రోజులు దీపం ముట్టుకోకూడదన్నది ఆవిడకి ఊపిరి లాంటిది. పెళ్లయిన మొదటి ఏడాది వరలక్ష్మీ వ్రతం ముందు, "ఆ రోజుకి ఎలాగోలా చూసుకో అమ్మా" అన్నారు. ఎలాగోలా అంటే ఏమిటో మా వాళ్లలో ఏ ఆడపిల్లకీ విడమరచి చెప్పక్కర్లేదు. మందుల షాపులో దగ్గు బిళ్లలు అడిగినంత తేలిగ్గా అడిగితే, అంతే తేలిగ్గా ఇస్తాడు. నెలసరి వెనక్కి జరిపే మాత్రలు. వ్రతానికి మింగాను, దసరాకి మింగాను, కార్తీక దీపాలకి మింగాను, ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి మింగాను. అది మందు అన్న ఆలోచనే నాకు లేదు. పూజకి పసుపు, కుంకుమ లాగా అదీ ఒక సరుకు. అందుకే మందులు వాడుతున్నావా అంటే లేదన్నాను, అలా అన్నప్పుడు నిజమే చెప్తున్నాననుకున్నాను.

ఇంకో సంగతి మాత్రం తెలిసే దాచాను. ఒక్కోసారి మాత్రలు మింగినా ఆగేది కాదు. పండగ పొద్దున్నే మొదలయ్యేది. పట్టుచీర కట్టుకుని, చుట్టాలందరూ వచ్చి కూర్చున్నాక చెప్పలేక, అలాగే వెళ్లి దీపం వెలిగించేదాన్ని. ఆ రోజుల మీద ఎర్ర చుక్క పెడితే అత్తయ్యగారు చూస్తారు. అందుకని, ఎక్కడ పడితే ఎవరికీ అనుమానం రాదో అక్కడ పెట్టాను చుక్కలు. నెలకోసారి, ఒద్దికగా. పిల్లలు తప్పుడు లెక్క వేస్తే ఎర్ర సిరాతో కొట్టేసే నేను, ఎర్ర పెన్సిల్‌తో నెలల తరబడి తప్పుడు లెక్క రాశాను. వెళ్లినప్పుడల్లా ఆ తేదీలే అనసూయమ్మ గారికి అప్పజెప్పేదాన్ని. ఆమె వాటిని బట్టే ఏ వారం ఏ సూది అన్నది చూసుకునేవారు.

నొప్పి తగ్గింది, నిద్ర కుదిరింది. రక్తం మాత్రం పెరగలేదు. తొమ్మిది ఎనిమిదైంది, ఎనిమిది ఏడున్నర అయింది. ఆమె ఎంత పరేషాన్ అయ్యారో నాకు తెలుసు. తన పుస్తకాలన్నీ తిరగేశారు. ఇంట్లో వాళ్లు ఇక ఆగలేదు, కార్తీకమాసం వెళ్లగానే ఆపరేషన్ అని తేదీ ఖాయం చేశారు. ఆ మాట చెప్పి సెలవు తీసుకుందామని వెళితే, ఆమె తల ఊపి, రేపు ఒక్కసారి ఆ క్యాలెండరే పట్టుకుని రమ్మన్నారు. మర్నాడు మేకు నుంచి తీసి, చుట్టచుట్టి, సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను.

కళ్లజోడు పెట్టుకుని ఆమె కార్తీకం నుంచి వెనక్కి, ఉగాది దాకా ఒక్కో కాగితం తిప్పారు. మళ్లీ ముందుకి తిప్పారు. కింద గిర్ని ఆగింది, మళ్లీ మొదలైంది. చివరికి కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"టీచరమ్మా, మొత్తం చూసిన. ఉగాదికి లేదు, వరలక్ష్మి వ్రతానికి లేదు, చవితికి లేదు, దసరా పది దినాలు లేదు. ఒక్క పండుగ మీద కూడ చుక్క పడలే. నీ ఒంటికి పంచాంగం చదవనొస్తదా బిడ్డా?"

నేను ఏడ్చాను. మాత్రల సంగతి, దీపాల సంగతి, అన్నీ చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఇన్ని నెలలు ఆమె కష్టాన్ని బూడిదలో పోశాను కదా. ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుని అన్నారు: "తప్పు నాది. మొదటి రోజు మీ అత్త ముంగట అడిగిన. అత్త కూసున్న కాడ ఏ కోడలు నిజం చెప్తది? ఇన్నేండ్లు ఆడోళ్ల నడుమనే పని చేసి గీ మాత్రం తెల్వకపాయె నాకు."

నేను చేసిన తప్పుని ఒక మనిషి అలా తీసుకుని తన మీద వేసుకోవడం నాకు అదే మొదలు. మాటవరసకి వేసుకోలేదు కూడా. ఆ రోజు నుంచి ఆమె పద్ధతే మార్చేశారు. ఎవరు తోడొచ్చినా, అత్తయినా భర్తయినా కన్నతల్లయినా, మొదటి అరగంట కింద గిర్ని బెంచీ మీద కూర్చోవాల్సిందే. మందులు వాడుతున్నావా అన్న ప్రశ్న పోయి, పండుగలకు గోలీలు మింగుతావా అన్న ప్రశ్న వచ్చింది. దానికి లేదన్నవాళ్లు చాలా తక్కువని తర్వాత చెప్పారు.

నా చేత క్యాలెండరు వెనక తెల్లటి వైపు అసలు తేదీలు రాయించారు. గుర్తున్నంత వరకు, ఏ పండగకి ఎన్ని మాత్రలు, ఆపాక ఎన్నో రోజున వచ్చింది, ఎన్ని రోజులు పోయింది. మర్నాడు ఆ కాగితంతో ఎల్బీనగర్‌లో వేరే లేడీ డాక్టరు దగ్గరికి నాతోపాటు వచ్చారు. ఆ డాక్టరు అది రెండుసార్లు చదివి, మళ్లీ స్కానింగు, ఇంకొన్ని పరీక్షలు చేయించారు. అన్నీ వచ్చాక, గడ్డ చిన్నదే, అది ఒక్కటే ఇంత రక్తం పోగొట్టదు, తోచినట్టు మింగి తోచినట్టు ఆపిన మాత్రలతో ఒళ్లు దారి తప్పింది, అవి మానేసి ఐరన్ మందులు వాడి నాలుగు నెలలు చూద్దాం, ఆపరేషన్ అవసరమైతే అప్పుడైనా చేయొచ్చు అన్నారు. కాని ఆ సంతోషం సందు చివరి దాకా కూడా నిలవలేదు. మాత్రలు మానేయాలంటే అత్తయ్యగారికి చెప్పాలి. నాకు కత్తి కన్నా అదే ఎక్కువ భయం. మీరే చెప్పండమ్మా అని బతిమాలాను.

"నేను చెప్ప. నీ ఒళ్లు, నీ నోరు. మీ అత్తకు మోకాళ్ల నొప్పులన్నవు గదా, తోల్కరా" అన్నారు.

తీసుకెళ్లాను. అత్తయ్యగారిని బల్ల మీద పడుకోబెట్టి రెండు మోకాళ్ల చుట్టూ సూదులు గుచ్చి, మాటల్లో మాటగా, మీకెప్పుడు ఆగిపోయినయమ్మా అని అడిగారు. అత్తయ్యగారు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత మొదలుపెడితే ఆగలేదు. ఉమ్మడి కుటుంబంలో మరిది పెళ్లినాడు మొదలైతే ఎవరికీ చెప్పలేక, పది రోజులు అందరికీ వండి వార్చి, నూతి దగ్గర స్పృహ తప్పి పడిపోయిన సంగతి చెప్పారు. ఎండ తగిలిందని అందరికీ చెప్పుకున్నారట. పన్నెండేళ్లు ఒకే వంటింట్లో తిరిగిన నాకు ఆ సంగతి తెలియదు. అనసూయమ్మ గారు నా వైపు చూసి, నెమ్మదిగా, "ఇప్పుడు చెప్పు. మోకాళ్ల సూదులున్నయి, లేచి పోదు" అన్నారు.

చెప్పాను. దీపాల సంగతితో సహా. అత్తయ్యగారు పైకప్పు వైపే చూస్తూ విన్నారు.

"నేనే అన్నాను కదూ, ఎలాగోలా చూసుకోమని" అన్నారు. నా వైపు తల తిప్పి, "దీపం నేను పెట్టేదాన్ని కదమ్మా. దానికి నువ్వు ఒళ్లు పాడుచేసుకోవడం ఎందుకు?" అన్నారు.

అంతే. ఇన్నేళ్ల నా భయం ఖరీదు ఆ ఒక్క మాట. ఆపరేషన్ తేదీ అలాగే దాటిపోయింది. మళ్లీ ఉగాదికి నా రక్తం పదకొండు. ఇప్పుడు నాకు నలభై ఆరు. ఆ గడ్డ ఇంకా లోపలే ఉంది, కిరాయి ఇవ్వకపోయినా గొడవ చేయకుండా ఉంటోంది. ఆరు నెలలకోసారి డాక్టరమ్మ దాన్ని పలకరిస్తుంది.

అనసూయమ్మ గారు చెయ్యి వణకడం మొదలైన వారమే సూదులు మానేశారు. ఇంకొన్నాళ్లు చేయండమ్మా అని మేమంతా అడిగాం. వణికే చేత్తో చేసేది వైద్యం కాదు, ఆశ అన్నారు. హయత్‌నగర్‌లో కూతురి ఇంటికి వెళ్లిపోయారు. నిరుడు వానాకాలంలో పోయారు. చూడ్డానికి వెళితే, నాలాంటి ఆడవాళ్లు వాకిలి నిండా. ఒకరికొకరం తెలియదు. అయినా ఒకరి తేదీలు ఒకరికి చెప్పుకోగలిగినంత చనువుగా కూర్చున్నాం. ఆమె నాకు ఇచ్చింది సూదుల కన్నా ఆ చనువే. ఇప్పుడు ప్రతి జూన్‌లో కొత్త బ్యాచ్ ఆడపిల్లలకి మొదటి క్లాసులో చెప్పే మొదటి మాట లెక్కల గురించి కాదు. నీళ్లు తాగండి, వెళ్లాలనిపిస్తే లేచి వెళ్లండి, నన్ను అడగక్కర్లేదు అంటాను. కొంతమంది నవ్వుతారు. తర్వాత వాళ్లే నీళ్ల సీసాలు తెచ్చుకుంటారు.

చేతి వేళ్లకి మాచిపత్రి వాసనతోనే ఇంటికొచ్చాను. అత్తయ్యగారు ఎనభైకి దగ్గరైనా పీట వేసి, మట్టి గణపతిని పెట్టి, పూజ ఎన్నింటికో చూసుకోవడానికి క్యాలెండరు దగ్గర నిలబడి ఉన్నారు. పత్రి కడిగి ఇవ్వడం మా అమ్మాయి పని. దానికిప్పుడు పద్నాలుగేళ్లు. పిలిచాను, పలకలేదు. అత్తయ్యగారు వెనక్కి తిరగకుండానే, వేలితో చవితి గడిని తడుముతూ అన్నారు.

"ఇవాళ దీనికి రెండు చుక్కలూ ఒక గీతా ఉన్నాయే. వేడిగా ఏదైనా కాచి ఇయ్యి ముందు. పత్రి నేను కడుక్కుంటాలే."